ఆఫీసు మెయిల్స్ తప్పు మనిషికి పోకుండా మీ దగ్గర ఏం చేస్తున్నారు?

లెడ్జర్_లక్ష్మి:
మాది విజయవాడలో చిన్న ఆడిట్ ఆఫీసు అండి, జీఎస్టీ టీడీఎస్ పనులతో పాటు కొన్ని కంపెనీలకి పేరోల్ కూడా మేమే చూస్తాం. సమస్య ఏంటంటే మా క్లయింట్లలో శ్రీనివాసులు బోలెడు మంది. ఒకాయనది రైస్ మిల్లు, ఇంకొకాయనది టైల్స్ షోరూం, మరొకడు మా దగ్గరే ఆర్టికల్‌షిప్ చేస్తున్న కుర్రాడు. టూ బాక్సులో శ్రీ అని కొట్టగానే అవుట్‌లుక్ దానికి నచ్చిన శ్రీనివాస్‌ని పైన చూపిస్తుంది, హడావుడిలో ఎంటర్ నొక్కేస్తాం, అంతే.

పోయిన నెల మా స్టాఫ్‌లో ఒకబ్బాయి మిల్లు వాళ్ళ ట్రయల్ బ్యాలెన్స్, అంటే ఖాతాల లెక్కలన్నీ ఉన్న పట్టీ, తీసుకెళ్ళి టైల్స్ ఆయనకి పంపేశాడు. ఆయన మంచాయన కాబట్టి వెంటనే ఫోన్ చేసి "అమ్మా ఇది మాది కాదు, డిలీట్ చేసేశాను" అన్నారు. అదే పక్క మిల్లు ఆయనకి వెళ్ళుంటే ఏమయ్యేదో తల్చుకుంటేనే భయంగా ఉంది. అప్పట్నుంచి మా సార్ ప్రతి మెయిలూ తనకి చూపించాకే పంపమంటున్నారు, 20వ తారీఖు దగ్గర పడి 3బిలు, అదే నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నులు, వేసే టైంలో అది అయ్యే పనేనా చెప్పండి. వాట్సాప్ గ్రూపులో "అందరూ జాగ్రత్తగా పంపండి" అని కూడా పెట్టారు, అందరం సరే సార్ అన్నాం, బొటనవేలు బొమ్మలు పెట్టాం, ఏమీ మారలేదు. కొందరివి అవుట్‌లుక్, కొందరివి జీమెయిల్. ఖర్చు లేకుండా ఏమైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

సర్వర్_స్వామి:
లక్ష్మి గారూ, జాగ్రత్తగా ఉండమంటే ఎవరూ ఉండరండి, ఎందుకంటే ఆ క్షణంలో ఎవరికి వాళ్ళు జాగ్రత్తగానే ఉన్నాం అనుకుంటారు. పేర్లు గుర్తుపెట్టుకుని చూపించే ఆ ఆటో కంప్లీట్ సంగతి ముందు చూడండి. అవుట్‌లుక్‌లో పేరు కొట్టగానే కింద లిస్టు వస్తుంది కదా, ఒక్కో పేరు పక్కన చిన్న ఇంటూ గుర్తు ఉంటుంది, అది నొక్కితే ఆ పేరు లిస్టులోంచి పోతుంది. అన్నీ ఒకేసారి తీసేయాలంటే ఆప్షన్స్‌లో మెయిల్ అనే చోట ఎంప్టీ ఆటో కంప్లీట్ లిస్ట్ అని బటన్ ఉంది. తీసేశాక కాంటాక్ట్స్‌లో మీరే పేర్లు మార్చి సేవ్ చేసుకోండి, శ్రీనివాస్ అని కాకుండా "రైస్ మిల్లు శ్రీనివాస్" "టైల్స్ శ్రీనివాస్" అని, అంటే వ్యాపారం ముందు, పేరు తర్వాత. అప్పుడు మీ వేళ్ళు శ్రీ దగ్గర మొదలెట్టవు, రైస్ దగ్గర మొదలెడతాయి.

జీమెయిల్ అయితే సెట్టింగ్స్‌లో జనరల్‌లోనే రెండూ ఉంటాయి. కాంటాక్ట్స్ దానంతటదే చేర్చుకోకుండా నేనే చేర్చుకుంటా అనే ఆప్షన్ ఒకటి, అన్‌డూ సెండ్ ఇంకొకటి. అన్‌డూ సెండ్ 5, 10, 20, 30 సెకన్లు ఇస్తాడు, కళ్ళు మూసుకుని 30 పెట్టేయండి. అట్టడుగున సేవ్ చేంజెస్ నొక్కడం మర్చిపోకండి, చాలామంది అక్కడే వదిలేసి పని చేయట్లేదంటారు.

పాత అవుట్‌లుక్‌లో ఇంకా మంచిది ఉంది. రూల్స్‌లోకి వెళ్ళి, మనం పంపే మెయిల్స్ మీద రూల్ అని ఎంచుకుని, కండిషన్లు ఏమీ టిక్ పెట్టకుండా నెక్స్ట్ కొడితే అన్ని మెయిల్స్‌కీ వర్తిస్తుంది పర్లేదా అని అడుగుతుంది, ఎస్ అనండి. తర్వాత డిఫర్ డెలివరీ అని ఉంటుంది, 120 నిమిషాల దాకా పెట్టొచ్చు, మీకు 2 నిమిషాలు చాలు. ఆ 2 నిమిషాలూ మెయిల్ అవుట్‌బాక్సులో కూర్చుంటుంది, అయ్యో అనుకుంటే తెరిచి మార్చుకోవచ్చు. ఒక్కటే చూసుకోండి, ఇది మీ సిస్టంలో నడిచే రూల్, సెండ్ కొట్టేసి వెంటనే అవుట్‌లుక్ మూసేసి ఇంటికెళ్ళిపోతే మెయిల్ అక్కడే ఉండిపోవచ్చు.

పాతకాపు_63:
ఇంత గొడవెందుకు స్వామీ, రీకాల్ ఉందిగా. తప్పు పోతే వెనక్కి లాక్కోవడమే.

సర్వర్_స్వామి:
పాతకాపు గారూ ఆ నమ్మకమే కొంప ముంచేది. రీకాల్ మీ కంపెనీ లోపల, ఒకే మైక్రోసాఫ్ట్ సెటప్‌లో ఉన్నవాళ్ళ మధ్యే పని చేస్తుంది. బయట క్లయింట్‌కి, అందులోనూ వాళ్ళది జీమెయిల్ అయితే ఏమీ రాదు. పైగా అవతలాయనకి "ఫలానా మెయిల్ వెనక్కి తీసుకోవాలనుకుంటున్నారు" అని ఇంకో మెయిల్ వెళ్ళినా వెళ్ళొచ్చు, అప్పటిదాకా పట్టించుకోని మనిషి కూడా అదేంటో చూద్దాం అని తెరిచి చదువుతాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మేడ్చల్_మాధవి:
నేను హెచ్‌ఆర్‌ల చేస్తా, పేస్లిప్పులు నెలనెలా పోతయ్ మా దగ్గరికెంచి. అందరు ఆటో కంప్లీట్ అంటున్రు గాని నన్నడిగితే అసలు ప్రమాదం ఎక్సెల్‌ల ఉంటది. మెయిల్ మెర్జ్ అంటే ఒక షీట్ చూస్కొని అందరికి విడివిడిగ మెయిల్ పంపుడు, దానికి షీట్ తయారు చేస్తం కదా, ఎంప్లాయీ పేరు, మెయిల్ ఐడీ, ఫైల్ పేరు అని. ఎవరో ఒకరు పేరు కాలం ఒక్కటే సెలెక్ట్ చేసి ఏ టు జెడ్ సార్ట్ కొడ్తరు, పక్క కాలంలు కలుపుకోవాల్నా అని ఎక్సెల్ అడుగుతది, వద్దని నొక్కుతరు. ఇంగ పేర్లన్నీ మీదికి కిందికి అయితయ్, ఐడీలు ఎక్కడియి అక్కడ్నే ఉంటయ్. చూస్తే షీట్ మంచిగనే కనబడ్తది, ఖాళీ లేదు, ఎర్రర్ లేదు, కాని ఒకల జీతం ఇంకొకలకి పోతది, ఆఫీస్ మొత్తానికి. ఒక మెయిల్ తప్పు పోతే ఒకలకి ఫోన్ చేస్తం, ఇది ఎంతమందికని చేస్తం?

అందుకే మా దగ్గర పంపే ముందు అయిదారు లైన్లు అక్కడక్కడ తీసి పేరుకి ఐడీకి కలుస్తుందా అని వేరేటోళ్ళు చూస్తరు, షీట్ తయారు చేసినోళ్ళు కాదు. ఇంగ ప్రతి పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్, ఎవరి పాన్ వాళ్ళకి. తప్పు మనిషికి పోయినా తెర్వరాదు. లక్ష్మి గారు మీరు పేరోల్ అన్నరు కాబట్టి ఇది మాత్రం రేపే పెట్టుకోండి. కాని పాస్‌వర్డ్ ఇదీ అని అదే మెయిల్‌ల రాయకుండ్రి, అట్ల రాసేటోళ్ళను కూడ చూసిన.

ఇంకొకటి, మెయిల్ రాసేటప్పుడు టూ బాక్స్ ఆఖర్ల నింపాలె. ముందు ఫైల్ పెట్టు, తర్వాత మ్యాటర్ రాయి, ఫైల్ ఒకసారి తెరిచి చూడు, అప్పుడు అడ్రస్. అడ్రస్ లేకుంటే సెండ్ నొక్కినా పోదు కదా. రిప్లై కొట్టేటప్పుడు అడ్రస్ ముందుగాలనే ఉంటది, దాన్ని తీసేసి మళ్ళ పెట్టుడు కొత్తల చిరాకు లేస్తది, తర్వాత అలవాటైతది.

మెల్‌బోర్న్_మూర్తి:
లక్ష్మి గారూ, మీ స్టాఫ్ అబ్బాయిని మరీ తిట్టకండి, ఇక్కడ ఆస్ట్రేలియాలో గవర్నమెంటే చేసింది ఈ పని. 2014 నవంబర్‌లో బ్రిస్బేన్‌లో జీ20 జరిగింది కదా, దానికి ముందు ఇమిగ్రేషన్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగి ఒకరు 31 మంది ప్రపంచ నాయకుల పాస్‌పోర్ట్ నంబర్లు, పుట్టిన తేదీలు, వీసా వివరాలు ఉన్న మెయిల్‌ని ఏషియన్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ నిర్వాహకుల్లో ఒకరికి పంపేశారు. ఒబామా, పుతిన్, మన మోదీ గారు, అందరూ ఉన్నారు ఆ లిస్టులో. కారణం ఏం రాశారంటే అవుట్‌లుక్ దానంతటది నింపిన పేరు సరైనదా కాదా చూసుకోలేదని! అచ్చంగా మీ రైస్ మిల్లు కేసే. మీ టైల్స్ ఆయన లాగే అక్కడా తప్పు మెయిల్ అందుకున్న మనిషే చెప్పాడు, డిలీట్ కూడా చేశాడు. ఆ నాయకులకి చెప్పక్కర్లేదని డిపార్ట్‌మెంట్ అనుకుంది, 2015 మార్చిలో గార్డియన్ పేపర్ రాసేదాకా ఈ సంగతి జనానికి తెలీదు. నన్నడిగితే తప్పు మెయిల్ కంటే ఆ చెప్పకపోవడమే దరిద్రం. మీరు మిల్లు ఆయనకి చెప్పారా లేదా? పోస్టులో ఆ ముక్క కనపడలేదు.

వైజాగ్_వాసు:
బీసీసీ గురించి ఎవరూ అనలేదేంటి, అందులో పెడితే ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనపడదు కదా. ఆడిట్ ఆఫీసు అన్నారు కాబట్టి డ్యూ డేట్ రిమైండర్లు అందరికీ ఒకే మెయిల్ కొడతారు కదా, అందర్నీ టూలో పెడితే మీ క్లయింట్ లిస్టు మొత్తం మీ క్లయింట్లందరికీ ఇచ్చినట్టే. బ్రిటన్ రక్షణ శాఖ 2021 సెప్టెంబర్‌లో సరిగ్గా ఇదే చేసింది, ఆఫ్ఘనిస్తాన్‌లో తాలిబాన్లు వచ్చాక బయటపడాలని చూస్తున్న ఆఫ్ఘన్లు 245 మందికి టూలో పెట్టి మెయిల్ కొట్టారు, ఎవరెవరు బ్రిటన్‌కి వెళ్ళాలనుకుంటున్నారో అందరికీ తెలిసిపోయింది, అందులో ఒకాయన రిప్లై ఆల్ కొట్టి తను ఎక్కడున్నాడో కూడా రాశాడు. 2023 డిసెంబర్‌లో 3,50,000 పౌండ్ల ఫైన్ పడింది. మనకీ 2023లో డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, డేటా బయటికి పోకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే పెనాల్టీ 250 కోట్ల దాకా ఉంది. అంత మీ మీద పడుతుందని కాదు, మీ సార్‌కి ఆ అంకె చూపిస్తే పాస్‌వర్డ్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బులిస్తారేమో అని 😀

బీసీసీ కూడా పూర్తిగా నమ్మకండి, మనిషి చేత్తో పెట్టేదే కదా, ఒకరోజు సీసీలో పెడతాడు. గుంపు మెయిల్స్‌కి మెయిల్ మెర్జే బెస్టు, ఒక్కొక్కరికీ విడిగా వెళ్తుంది, మాధవి గారు చెప్పిన సార్టింగ్ చూసుకుని.

పాతకాపు_63:
ఫైల్ బదులు డ్రైవ్ లింకు పంపితే సరిపోదా? తప్పు పోతే యాక్సెస్ తీసేయొచ్చు.

సర్వర్_స్వామి:
ఇది మంచి మాట. కాకపోతే లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అని పెట్టకూడదు, ఆ మనిషి ఐడీకే ఇవ్వాలి. ఆ షేర్ బాక్సులో కూడా శ్రీ కొడితే మళ్ళీ అదే లిస్టు వస్తుంది, అక్కడ తప్పు శ్రీనివాస్‌ని నొక్కితే కథ మొదటికే. అందుకే క్లయింట్‌కో ఫోల్డర్ చేసి ఒక్కసారి సరిగ్గా చూసి షేర్ చేసి వదిలేయండి, ఆపైన ఫైల్స్ అందులో వేయడమే. వేరే క్లయింట్ ఫైల్ అందులో వేస్తారా అంటే వేయొచ్చు, కానీ ఫోల్డర్ పేరు పెద్దగా కనపడుతుంది కాబట్టి కొంచెం నయం.

లెడ్జర్_లక్ష్మి:
అందరికీ థాంక్స్ అండి. మూర్తి గారూ, మిల్లు ఆయనకి ఆరోజే సార్ స్వయంగా ఫోన్ చేసి చెప్పారు, ఆయన కాసేపు అరిచి తర్వాత ఊరుకున్నారు. కాంటాక్ట్స్ పేర్లు మార్చడం నిన్న మొదలెట్టాం, పేస్లిప్పులకి పాన్ పాస్‌వర్డ్ ఈ నెల నుంచి. అవుట్‌లుక్‌లో 2 నిమిషాల రూల్ కూడా పెట్టాం, కానీ అప్పుడే గొడవ, బ్యాంకు మేనేజర్ లైన్లో ఉండి మెయిల్ ఇప్పుడే కావాలి అంటాడు, సార్ పక్కన నిలబడి ఇంకా పోలేదేంటి పోలేదేంటి అంటారు. దీనికేమైనా ఉందా?

సర్వర్_స్వామి:
ఉంది. అదే రూల్ ఎడిట్ చేయండి, ఆఖర్లో మినహాయింపుల పేజీ వస్తుంది, అందులో ఇంపార్టెన్స్ హై అని గుర్తుపెట్టిన మెయిల్ అయితే తప్ప అనేది టిక్ పెట్టండి. అర్జెంటు మెయిల్‌కి ఆ ఎర్ర ఆశ్చర్యార్థకం పెట్టి పంపితే ఆగకుండా పోతుంది. సార్ సిస్టంలో మాత్రం ఈ మినహాయింపు పెట్టకండి, ఆయనకి అన్నీ అర్జెంటే అయ్యుంటాయి.