మావాడి ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే బొమ్మ) ట్రక్కుకి ఏ బ్యాటరీ? నికెలా, లైపోనా?

అమలాపురం_నాన్న:
మావాడు ఎనిమిదో తరగతి. వన్-టెన్ సైజు (అసలు బండిలో పదో వంతు) బ్రష్డ్ (బ్రష్‌లున్న మామూలు మోటారు) ట్రక్కు సెకండ్ హ్యాండులో కొనిచ్చాను. దాళ్వా కోతలయ్యాయి కదా, చేలన్నీ ఖాళీ, పొద్దున లేస్తే దాంతోనే. బండితో వచ్చిన 7.2 వోల్టుల నికెల్ ప్యాకు పది నిమిషాలకే చతికిలపడుతోంది. షాపతను లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) అంటున్నాడు, బావమరిది వద్దంటున్నాడు. ఏది కొనమంటారు?

గట్టుమీదబండి:
లైపోనండి, ఇంకో మాట లేదు. 2ఎస్ (రెండు సెల్లులది), 5000 ఎంఏహెచ్, హార్డ్ కేసు. నికెల్లో సెల్లుకి 1.2 వోల్టులు, ఆరు కలిస్తే 7.2. లైపో రెండు సెల్లులకే 7.4, నిండా ఎక్కిస్తే 8.4. కానీ అసలు తేడా అంకెల్లో కాదు. కోసిన చేలో వరి మోళ్లు ఎక్కేటప్పుడు మోటారు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. అక్కడ నికెల్ నీరుగారిపోతుంది, లైపో నిలబడుతుంది. బరువూ తక్కువే.

తణుకు_టార్క్:
100సీ (ప్యాకు కెపాసిటీకి వంద రెట్లు కరెంటు ఇస్తుందని) అని రాసున్నదే తీసుకోండి. మిగతావన్నీ వేస్టు.

పాలకొల్లు_పెద్దాయన:
ఆయ్, 100సీ అట! 5200 ఎంఏహెచ్ ప్యాకు మీద 100సీ అంటే 520 ఆంపియర్లు. మీ ఎక్స్‌టీ60 కనెక్టరు పేరులోనే 60 ఉంది, అంటే 60 ఆంపియర్లకే. 520 ఆంపియర్లతో ఏం చేస్తారండి, గేట్లకి వెల్డింగా? స్టిక్కరు మీదే ఇంత అబద్ధముంటే లోపల ఏముందో ఎలా నమ్మాలి? పిల్లాడికి నికెలే ఇప్పించండి.

గట్టుమీదబండి:
స్టిక్కరు అబద్ధమైతే లైపో మొత్తం అబద్ధమా? ఇంటర్నల్ రెసిస్టెన్స్ (ప్యాకు లోపల కరెంటుకి అడ్డు, ఎంత తక్కువైతే అంత మంచిది) చూపించే చార్జరుతో కొలుచుకోవాలి. ఈయనకి బ్రష్డ్ మోటారు, 30సీ నిజంగా ఇస్తే చాలు. అడిగినదానికి జవాబు చెప్పకుండా సీ రేటింగు పట్టుకుని వేలాడతారేంటండీ.

పాలకొల్లు_పెద్దాయన:
వేలాడటం కాదు, చూసి చెబుతున్నాను. పోయిన మే నెలలో మా మేడ మీద గదిలో మేనల్లుడు లైపో చార్జింగు పెట్టి టీకి దిగాడు. మళ్లీ పైకెళ్లేసరికి గదినిండా పొగ, పరుపు సగం బొగ్గు. కిటికీ ఊచల మీద మసి ఇప్పటికీ వదల్లేదు, గోరుతో గీకితే రాలుతుంది.

రావులపాలెం_అరటిగెల:
అయ్యబాబోయ్.

గట్టుమీదబండి:
చార్జరులో ఏ మోడు పెట్టాడో కూడా చెప్పండి మరి. నికెల్ మోడు! ఆ సంగతి ఫోన్లో మీరే చెప్పారు. నికెల్ నిండాక వోల్టేజీ కాస్త తగ్గుతుంది, ఆ తగ్గుదల పసిగట్టి చార్జరు ఆగుతుంది. లైపోకి ఆ తగ్గుదలే రాదు. సెల్లు 4.2 దాటినా ఎక్కిస్తూనే ఉంటుంది. తప్పు మోడుది, తిట్లు లైపోకి.

పాలకొల్లు_పెద్దాయన:
ఫోను మాటలు మీరే బయటపెట్టారు కాబట్టి పూర్తిగా చెబుతాను. ఆ ప్యాకు అమ్మింది మీరు. చార్జరు ఇచ్చింది మీరు. "పెట్టేయండి, ఏం కాదు" అన్నదీ మీరే. కాలాక ఫోన్ చేస్తే "పిల్లాడికి ఆ మాత్రం తెలివుండాలి" అన్నారు. పరుపు డబ్బులు అడిగానా నేను? వాడికేమైనా అయిందా అని ఒక్కమాట అడిగారా మీరు?

గట్టుమీదబండి:
లైపోకుండే బ్యాలెన్స్ మోడులో పెట్టమని చెప్పానండి.

పాలకొల్లు_పెద్దాయన:
బ్యాలెన్స్ అంటే ఏంటో వాడికి తెలుసా? నాకే తెలీదు.

రావులపాలెం_అరటిగెల:
మీరిద్దరూ ధవళేశ్వరం బ్యారేజీ మీద కలుసుకుని తేల్చుకోండి. అసలాయన బండిలో ఈఎస్‌సీ (మోటారు స్పీడు కంట్రోలరు) ఏదో ఒక్కరైనా అడిగారా? హాబీవింగ్ 1060 అయితే పక్కన చిన్న జంపరు (పీకి పెట్టే క్లిప్పు) ఉంటుంది, లైపోకీ నికెల్‌కీ మార్చుకోవాలి. నికెల్ వైపు ఉంచి లైపో నడిపితే, ఆగాల్సిన దగ్గర ఆగకుండా ఖాళీ అయ్యేదాకా లాగేస్తుంది. నా మొదటి ప్యాకు అలాగే పోయింది, అట్టు పొంగినట్టు పొంగింది. ఒకటి మాత్రం నిజం, ఎండలో ఆడి తెచ్చిన ప్యాకు వేడి తగ్గకుండా చార్జింగు పెట్టొద్దు, నికెలైనా సరే.

అమలాపురం_నాన్న:
చూశానండి, 1060నే. జంపరు నికెల్ వైపుంది. ఇంకోటి, ముందే చెప్పాల్సింది: మేమిద్దరం ఉద్యోగాలకి పోతాం, సాయంత్రం ఆరుదాకా ఇంట్లో వాడొక్కడే.

గట్టుమీదబండి:
ఆ ముక్క ముందే చెప్పాలి కదండీ! అయితే ఇప్పుడు లైపో వద్దు. 3000 ఎంఏహెచ్ కొత్త నికెల్ ప్యాకులు రెండు తీసుకోండి, ఒకటి చల్లారేలోగా ఇంకోటి నడుస్తుంది. ఏ ప్యాకైనా చార్జరు మాత్రం బీరువాలో పెట్టి తాళమేయండి. మీరొచ్చాక, ఎదురుగా కూర్చుని ఎక్కించాలి.

పాలకొల్లు_పెద్దాయన:
ఈ మాట మాకు పోయిన మే నెలలో చెప్పుంటే బాగుండేది.

తణుకు_టార్క్:
నా దగ్గర 3ఎస్ ఒకటి అమ్మకానికుంది. కొంచెమే ఉబ్బింది.