కారు లోపలి ప్లాస్టిక్‌ మీద జిగట కోటింగ్ తీసి మళ్లీ రంగు వేయాలి, సలహా ఇవ్వండి

మా నాన్నగారు వాడిన కారు, 15 ఏళ్లు దాటింది. ఇంజన్ బాగానే ఉంది, లోపలి ప్యానెళ్లే పాడయ్యాయి. డోర్ హ్యాండిల్ చుట్టూ ఉన్న మెత్తటి కోటింగ్ జిగటగా మారి, పట్టుకుంటే వేళ్లకి నల్లగా అంటుకుంటోంది. గోరు తగిలిన చోటల్లా కింద బూడిద రంగు ప్లాస్టిక్ కనబడుతోంది.

ఒక ప్యానెల్ ఊడదీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో రుద్దాను. అరగంటకి అరచేయంత మేర వచ్చింది, మూలల్లో మాత్రం బంకలా ఉండిపోయింది. అసిటోన్‌తో త్వరగా పోతుందన్నారు. కానీ ప్యానెల్ వెనక ఏబీఎస్ (ఒక రకం ప్లాస్టిక్) అని అచ్చు ఉంది. అసిటోన్ దాన్ని కరిగించేస్తుంది కాబట్టి ఆ జోలికి పోలేదు. మూలలకి ఇంకేదైనా మార్గం ఉందా?

ఇంకో సందేహం, నాకు అసలు టెన్షన్ ఇదే. కింది ప్యానెల్ మీద పీపీ (పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్) అని ఉంది. దానికి ముందు అడ్హీషన్ ప్రమోటర్ (పెయింట్ పట్టుకునేలా చేసే పూత) కొట్టకపోతే పెయింట్ పొరలుగా లేచిపోతుందని తెలుసు. 600 గ్రిట్ గరుకు కాగితంతో రుద్దితే ప్యానెల్ మీదున్న తోలులాంటి గీతలు అరిగిపోతాయేమో. స్కఫ్ ప్యాడ్ (గిన్నెలు తోమే పీచులాంటి గరుకు ప్యాడ్) సరిపోతుందా? రోజూ చెయ్యి తగిలే చోట పైన మ్యాట్ క్లియర్ కోట్ (మెరుపు లేని, రంగు లేని రక్షణ పూత) తప్పనిసరా?

ఈ కారు అమ్మే ఉద్దేశం లేదు, అందుకే ఆలస్యమైనా సరే, సరిగ్గా చేయాలనుంది. స్వయంగా చేసినవాళ్లు దయచేసి చెప్పండి.