నెలన్నర టీకాల తర్వాత బిడ్డను ఎలా ఊరడించాలి? మీ అనుభవాలు చెప్పండి

బెజవాడ_కొత్తమ్మ
అందరికీ నమస్కారం. మా బాబుకి వచ్చే బుధవారం నెలన్నర టీకాలు. రెండు తొడలకీ చెరో సూది, కుడి చేతికి ఒక చిన్న సూది, పైగా చుక్కల మందులు ఉంటాయని ఆశా అక్క చెప్పింది. ఒకేసారి మూడు సూదులంటే నాకు చాలా టెన్షన్‌గా ఉంది. సూది వేసిన చోట ఉప్పు కాపడం పెడదామని అత్తయ్య, ఇంట్లోనే ముందుగా జ్వరం సిరప్ పట్టి తీసుకెళ్లమని పక్కింటి వాళ్లు అంటున్నారు. మీరు ఏం చేశారు? రాత్రి ఎలా గడిచింది?

కరీంనగర్_అక్క
కంగారు పడకు తల్లీ. మా పాపకి సూది వేసేటప్పుడే పాలు పట్టాను. ఏఎన్ఎం గారిని ముందే అడిగితే సరేనని పక్కన కుర్చీ వేశారు. పాప బాగా పట్టుకుని తాగడం మొదలుపెట్టాక సూది వేశారు. గట్టిగా ఒక్క కేక వేసి మళ్లీ పాలలో పడిపోయింది. తర్వాతి విడతలో జనం ఎక్కువుండి అలా కుదరలేదు, సూది అయ్యాకే పట్టాను. అప్పుడు ఊరుకోవడానికి చాలాసేపు పట్టింది. నా మాట విని, వెనక బొత్తాలున్న జాకెట్టు మాత్రం వేసుకుని వెళ్లకు. బాబుకి కూడా తొడలు సులువుగా బయటికి వచ్చే వదులు బట్టలు వెయ్యి.

సిక్కోలు_సిస్టర్
నేను ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. పైన అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైనది. పడుకోబెట్టి కాళ్లు అదిమి పట్టుకోవడం కంటే తల్లి ఒళ్లో, తల్లి ఒంటికి ఆనుకుని ఉన్నప్పుడు బిడ్డ తక్కువ ఏడుస్తుంది. పోలియో చుక్కలు, రోటా (విరేచనాల జబ్బుకి) చుక్కలు ముందు వేసేస్తాం, సూదులు తర్వాత. చుక్కలు వేశామని పాలు ఆపక్కర్లేదు.

ఎడమ తొడకి వేసేది పెంటావాలెంట్, అంటే కోరింత దగ్గుతో కలిపి ఐదు జబ్బులకు ఒకే టీకా. జ్వరం, నొప్పి ఎక్కువగా దానివల్లే. కుడి తొడకి పీసీవీ (న్యుమోనియా టీకా), కుడి చేతికి చర్మం పొరలో వేసేది పోలియో సూది.

ఉప్పు కాపడం వద్దమ్మా. పసుపు, సున్నం, ఆయింట్‌మెంట్, ఐసు ముక్క ఏదీ వద్దు. రుద్దవద్దు కూడా. చల్లటి నీళ్లలో పిండిన శుభ్రమైన మెత్తటి గుడ్డ కాసేపు వేసి తీస్తే చాలు. కొందరికి అక్కడ చిన్న గట్టి గడ్డ మిగిలి కొన్ని వారాలు ఉంటుంది. నొప్పి లేకుండా మెల్లగా తగ్గుతుంటే దాని జోలికి వెళ్లొద్దు.

సూది అయిన వెంటనే ఇంటికి పరిగెత్తకండి. అరగంట అక్కడే కూర్చోండి. అరుదుగా ఏదైనా తేడా వస్తే వెంటనే చూసుకునే వీలుంటుంది.

బర్మింగ్‌హామ్_నాన్న
సిరప్ గురించి నాకూ ఇదే అయోమయం ఉండేది. ఇక్కడ యూకేలో మొదటి టీకాలు ఎనిమిది వారాలకు. వాటిలో మెన్‌బీ అనే మెదడువాపు (మెనింజైటిస్) టీకా ఉంటుంది. దానికి జ్వరం బాగా వస్తుంది కాబట్టి, టీకా అవగానే 2.5 మి.లీ. పారాసిటమాల్, ఆపైన నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో మరో రెండు సార్లు పట్టమని వాళ్లే చెబుతారు. మా చెల్లి హైదరాబాద్‌లో ఉంటుంది. తనకి మాత్రం జ్వరం వస్తేనే వేయమన్నారు. ఎందుకీ తేడా?

సిక్కోలు_సిస్టర్
మన ప్రభుత్వ టీకాల్లో మెన్‌బీ లేదండీ, అందుకే ఆ పద్ధతి ఇక్కడ వర్తించదు. ముందుజాగ్రత్తగా పారాసిటమాల్ ఇచ్చిన పిల్లల్లో కొన్ని టీకాలకు రోగనిరోధక స్పందన కాస్త తగ్గినట్టు 2009లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. జ్వరమో, బాగా నొప్పో ఉన్నప్పుడే వేయమని మేం చెప్పేది.

మోతాదు విషయంలో మాత్రం అందరూ జాగ్రత్తగా వినండి. మందు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. అంటే 5 కిలోల బిడ్డకు ఒకసారికి 50 నుంచి 75 మి.గ్రా. మన దగ్గర చుక్కల సీసాలో మామూలుగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 125 ఉంటుంది. 250 ఉన్నది కూడా దొరుకుతుంది. సిరప్ లెక్కన చుక్కల మందు పట్టేస్తే మోతాదు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. సీసా మీద అంకె చూసి, మీ బిడ్డ బరువు చెప్పి, ఎన్ని మి.లీ. పట్టాలో మాతోనో డాక్టరుతోనో కార్డు మీద రాయించుకోండి. రెండు మోతాదుల మధ్య ఆరు గంటలు ఉండాలి.

ఏలూరు_అమ్మమ్మ
ఇద్దరు మనవలకీ టీకాల రోజు రాత్రి నేనే ఎత్తుకున్నాను. ఆ రోజు పిల్లలకి ఉయ్యాల నచ్చదు, మనిషి ఒళ్లే కావాలి. భుజాన వేసుకుని వీపు నిమురుతూ వరండాలో అటూ ఇటూ తిరిగితే పడుకునేవాళ్లు. కాలు కదిలితే నొప్పి కదా, ఎత్తుకునేటప్పుడు ఎడమ తొడ కింద చెయ్యి నొక్కకుండా చూసుకోవాలి. నలుగు పెట్టి కాళ్లు సాగదీసే స్నానం ఆ ఒకటి రెండు రోజులు ఆపాం, గోరువెచ్చని నీళ్లతో తుడిచాం. జ్వరం ఉంటే దుప్పట్లు చుట్టొద్దమ్మా, పల్చటి నూలు చొక్కా చాలు. అమ్మకి కూడా ఆ రాత్రి ఎవరో ఒకరు తోడుండాలి. మీ అత్తగారికి ఆ పని అప్పగించు, సంతోషంగా చేస్తారు.

మియాపూర్_మమ్మీ
ప్రైవేటులో పెయిన్‌లెస్ టీకా ఉంటుందట కదా, అది వేయిస్తే ఈ బాధ ఉండదా?

సిక్కోలు_సిస్టర్
సూది నొప్పి దానికీ ఉంటుంది, జ్వరమూ వాపూ తక్కువ. కానీ కోరింత దగ్గు నుంచి రక్షణ మామూలు టీకాతోనే ఎక్కువ కాలం ఉంటుంది. ఒక రాత్రి జ్వరం కోసం భయపడి మార్చుకోవాల్సిన పని లేదని నా అభిప్రాయం. డాక్టరు ప్రత్యేకంగా చెబితే వేరు.

బెజవాడ_కొత్తమ్మ
టీకాలు అయిపోయాయి! పాలు పడుతూనే వేయించాను. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడింది, రాత్రి 101 చూపించింది. రాయించుకున్న లెక్క ప్రకారం చుక్కలు వేశాను. పాలు మామూలుగానే తాగుతున్నాడు. అత్తయ్య కాపడం మాట మానేసి తెల్లవారుజాము దాకా భుజాన వేసుకున్నారు. ఎలా ఉంటే ఆస్పత్రికి వెళ్లాలో కూడా చెప్పరా సిస్టర్?

సిక్కోలు_సిస్టర్
మంచి పని చేశారమ్మా. ఈ జ్వరం మామూలుగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. 102 దాటినా, రెండు రోజులకు మించినా, పాలు తాగకపోయినా, మూడు గంటలు ఆగకుండా ఏడ్చినా డాక్టరుకు చూపించండి. ఫిట్స్, ఊపిరి ఇబ్బంది, ముఖం వాపు, ఒంటి నిండా దద్దుర్లు, బిడ్డ పాలిపోయి వేలాడిపోవడం, వీటిలో ఏది కనిపించినా క్షణం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఇలాంటివి చాలా అరుదు. జరిగితే మీ ఏఎన్ఎంకి కూడా తప్పక చెప్పాలి, తర్వాతి విడత ఏం వేయాలో దాన్నిబట్టే చూస్తారు.

మీకు పది వారాలప్పుడు పెంటావాలెంట్ ఒక్క సూదే. పద్నాలుగు వారాలకు మళ్లీ మూడు.

కరీంనగర్_అక్క
తొమ్మిది నెలల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాకి మా పాపకి ఆ రోజు ఏమీ రాలేదు, వారం దాటాక జ్వరం వచ్చి ఒంటి మీద సన్నటి పొక్కులు లేచాయి. అది టీకా వల్లేనని మాకు తట్టనే లేదు.

సిక్కోలు_సిస్టర్
అవును, ఎంఆర్‌కి అలాగే వారం పది రోజుల తర్వాత వస్తుంది, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తే టీకా వేసిన తేదీ ఉన్న కార్డు వెంట తీసుకెళ్లండి.