వాల్యూమ్ కంట్రోల్‌లో ‘తగ్గింపు’

ఇంట్లో పాటలు వినే ఆంప్లిఫయరుకు ఒక ఎలక్ట్రానిక్ వాల్యూమ్ కంట్రోల్ కడుతున్నాను. కట్టిన పద్ధతిని తెలుగులో రాసిపెడదామని కూర్చుంటే మొదటి వాక్యంలోనే చిక్కు వచ్చింది. సంకేతాన్ని కొలిచి తగ్గించే ‘అటెన్యుయేటర్’ను ఏమనాలి?

‘క్షీణకం’ అని ఒకటి తోచింది. కానీ చంద్రుడు క్షీణిస్తాడు, ఆరోగ్యం క్షీణిస్తుంది. అవి వాటంతట అవి జరిగేవి. ఇక్కడ మనం కావాలని, కొలిచి మరీ తగ్గిస్తున్నాం. అందుకే నేను ‘తగ్గింపు’ అన్న మాట పట్టుకున్నాను. పరికరం పేరు ‘తగ్గింపు పెట్టె’.

ఈ మాట నాకు ఎందుకు నచ్చిందంటే, అది పరికరం అసలు పనిని బయటపెడుతుంది. నాబ్ తిప్పినప్పుడు శబ్దాన్ని పెంచుతున్నామని అనుకుంటాం. ఇలాంటి పెట్టెలో పెంచేది ఏదీ లేదు. సంకేతం నిండుగా వస్తుంది, మనం అందులో కొంత ఆపుతాం. తెర మీద ‘−20’ అని కనబడితే కొత్తవారు తికమకపడతారు. అదే ‘తగ్గింపు 20 డెసిబెల్’ (డెసిబెల్ అంటే ఈ తగ్గింపును కొలిచే ప్రమాణం) అని రాస్తే రుణచిహ్నమే అక్కర్లేదు. తగ్గింపు సున్నా అంటే నిండు శబ్దం. 20 అంటే వోల్టేజి పదో వంతు, 40 అంటే నూరో వంతు.

నా పెట్టెలో ఆరు రిలేలు (విద్యుత్తుతో పట్టుకునే, వదిలే స్విచ్‌లు) ఉన్నాయి. వాటి తగ్గింపులు వరుసగా 1, 2, 4, 8, 16, 32 డెసిబెల్. డెసిబెల్‌లు కూడికగా కలుస్తాయి కాబట్టి ఈ ఆరింటితో 0 నుంచి 63 వరకు ఏ అంకె కావాలన్నా వస్తుంది. 21 కావాలంటే 16, 4, 1 పట్టుకుంటాయి, మిగిలినవి ఊరుకుంటాయి.

ఇక్కడే మన జాతీయం ఒకటి అచ్చంగా అక్కరకు వచ్చింది. 31 నుంచి 32కు మారేటప్పుడు ఐదు రిలేలు వదలాలి, ఆరోది పట్టుకోవాలి. ఐదూ ముందు వదిలేసి ఆరోది క్షణం ఆలస్యమైతే ఆ మధ్యలో తగ్గింపు సున్నా అవుతుంది. మెల్లగా వింటున్న పాట మధ్యలో స్పీకరు ఒక్కసారి ‘ఠప్’మంటుంది. మొదటిసారి ఆ చప్పుడుకు నిజంగా ఉలిక్కిపడ్డాను. రిలేలను నడిపే ప్రోగ్రాములో వరుస మార్చాను: కొత్తది పట్టుకున్నాక కొన్ని మిల్లీసెకన్లు ఆగి, అప్పుడు పాతవాటిని వదలాలి. ఆ కాస్త సేపు తగ్గింపు 63కు చేరుతుంది, కాబట్టి శబ్దం ఎగసిపడదు. నా రాతలో ఈ భాగానికి ‘పట్టువిడుపులు’ అని పేరు పెట్టాను. ఇంతకన్నా సరిగ్గా అతికే మాట ఏ పారిభాషిక కోశంలో వెతకాలి?

‘వాల్యూమ్’ను మాత్రం అలాగే ఉంచాను. ఘనపరిమాణం అన్నా సంపుటి అన్నా ఇక్కడ పొసగవు. కొందరు ‘స్థాయి’ అంటున్నారు. అది వద్దని నా గట్టి అభిప్రాయం. మంద్ర, మధ్య, తార స్థాయిలు శ్రుతికి సంబంధించినవి. ‘స్థాయి పెంచండి’ అంటే సంగీతం తెలిసినవారు పై షడ్జం వైపు చూస్తారు. తార స్థాయిలోనూ తక్కువ శబ్దంతో పాడవచ్చు, మంద్రంలోనూ బిగ్గరగా పాడవచ్చు. ఈ రెంటినీ కలిపేస్తే సంగీతానికీ ధ్వనిశాస్త్రానికీ రెంటికీ నష్టమే.

ఇది చదివిన ఒకరి వ్యాఖ్య: ‘తగ్గింపు’ అనగానే తగ్గింపు ధరలే గుర్తుకొస్తాయి. పైగా శబ్దం పెంచాలంటే ‘తగ్గింపును తగ్గించు’ అనాలా? నోరు తిరగదు.

నా జవాబు: రెండో మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. వినేవారి నోట ‘పెంచు, తగ్గించు’ అన్నవే ఉండాలి. నాబ్ పక్కన కూడా అవే రాశాను. ‘తగ్గింపు’ మూత తీసి పనిచేసేవారి మాట. ఇక ధరల సంగతి: ముగించు నుంచి ముగింపు వచ్చినట్టే తగ్గించు నుంచి తగ్గింపు వచ్చింది. దుకాణాలు వాడుకున్నంత మాత్రాన అది వాటి సొత్తు కాదు. పక్కన డెసిబెల్ ఉంటే ధర ఎవరికీ గుర్తురాదు.

వారిదే మరో వ్యాఖ్య: సరే, మరి ఒక్కో డెసిబెల్ మార్పును ఏమంటున్నారు? సోపానమా?

నా జవాబు: మెట్టు. వీణ దండి మీద వేలు నొక్కే చోటును మెట్టు అనే అంటాం. వీణకు 24 మెట్లు, ఈ పెట్టెకు సున్నాతో కలిపి 64.