పాత ఎఫ్‌ఎస్‌ఎక్స్‌కి డెవలపర్లు సపోర్ట్ ఆపేయడం న్యాయమేనా?

బేగంపేట_రన్‌వే:
ఎఫ్‌ఎస్‌ఎక్స్ అంటే కంప్యూటర్‌లో విమానాలు నడిపే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్. 2006లో వచ్చిన ఆ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌నే ఇప్పటికీ నడుపుతున్నాను. 2020 వెర్షన్‌కి 150 జీబీ ఖాళీ కావాలి, నేల బొమ్మలు స్పష్టంగా కనిపించాలంటే ఎగురుతున్నంతసేపూ అవి నెట్‌లో దిగుతూనే ఉండాలి. 2024 వెర్షన్ అయితే ఇంకా ఎక్కువగా నెట్ మీదే ఆధారపడింది. మా ఊళ్లో వాన పడితే నెట్ పోతుంది. రెండు డీవీడీల్లో వచ్చిన పాత సిమ్యులేటర్‌కి (సిమ్‌కి) ఆ బాధ లేదు. కానీ దానికి విడిగా కొని కలుపుకునే యాడ్-ఆన్ విమానాలు చేసేవాళ్లు ఒక్కొక్కరే చేతులెత్తేస్తున్నారు. వాడేవాళ్లున్నంత కాలం సపోర్ట్ ఇవ్వాలా వద్దా?

వింగ్‌కోడ్:
అన్నా, నేను గేజ్‌లు (కాక్‌పిట్‌లో కనిపించే మీటర్లు), చిన్న విమానాలు చేసి అమ్ముతాను కాబట్టి చెప్తున్నా. ఎఫ్‌ఎస్‌ఎక్స్ చేసిన ఏసెస్ స్టూడియోనే మైక్రోసాఫ్ట్ 2009లో మూసేసింది. అసలు ఇంజిన్‌లో లోపం ఉంటే సరిచేసే నాథుడు లేడు. 32 బిట్ ప్రోగ్రామ్, 4 జీబీ మించి మెమరీ తీసుకోలేదు. బరువైన విమానం, పెద్ద ఎయిర్‌పోర్ట్ సీనరీ, మేఘాలు కలిశాయంటే గంటలకొద్దీ ఎగిరి, తీరా దిగే ముందు మెమరీ అయిపోయి సిమ్ మూసుకుపోతుంది. తిట్లు మాత్రం నాకు. పైగా పాతదాంట్లో గేజ్ కోడ్ డీఎల్‌ఎల్ అనే విండోస్ ఫైల్‌గా నడుస్తుంది, కొత్తదాంట్లో వెబ్‌అసెంబ్లీ అనే వేరే రూపానికి మార్చాలి. ఒకే పనిని రెండుసార్లు చేసి, రెండుసార్లు టెస్ట్ చేయాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ఆల్టిమీటర్:
4 జీబీ అనేది 64 బిట్ విండోస్‌లో మాత్రమే. 32 బిట్ విండోస్‌లో మామూలుగా 2 జీబీయే.

వింగ్‌కోడ్:
2 అయితే నా వాదనకి ఇంకా బలం కదండీ.

ఆల్టిమీటర్:
బలం సంగతి కాదు, అంకె తప్పు అంటున్నాను.

గుంటూరు_గ్లైడర్:
కొత్తొక వింత, పాతొక రోత. అంతే.

బేగంపేట_రన్‌వే:
జీబీల లెక్క తర్వాత చూద్దాం. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో హైదరాబాద్ అంటే ఇప్పటికీ బేగంపేటే. శంషాబాద్ 2008 మార్చిలో మొదలైంది, సిమ్ అంతకుముందే వచ్చేసింది. శంషాబాద్‌లో దిగాలంటే యాడ్-ఆన్ వేసుకోవాల్సిందే. అంటే ఆ సిమ్‌ని ఇన్నేళ్లు బతికించింది మీరే, మా దగ్గర డబ్బు తీసుకునే. ఇప్పుడు ఖర్చు అంటే ఎలా?

వింగ్‌కోడ్:
ఒక్కసారి కొని జన్మంతా చాకిరీ చేయమంటే ఎలా అన్నా? రాత్రి పన్నెండుకి కూర్చుని ‘విండోస్ మార్చాను, మీ విమానం పనిచేయట్లేదు’ అనే మెయిళ్లకి జవాబులు రాసేది నేను. అంత ప్రేముంటే మీరే రాసుకోండి కోడ్.

బేగంపేట_రన్‌వే:
చాకిరీ అంటున్నారు కాబట్టి చెప్తాను. జీతంలో మిగిల్చుకుని ఒక కంపెనీ దగ్గర ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో నడిపే ఒక జెట్ కొన్నాను. హార్డ్ డిస్క్ పోయి, అన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఇన్‌స్టాలర్ నా దగ్గరుంది, కీ ఉంది, బిల్లు మెయిల్ ఉంది. కీ కొట్టి బటన్ నొక్కితే ‘సర్వర్‌తో కనెక్ట్ కాలేకపోతున్నాం’ అని ఎర్ర అక్షరాలు. మెయిల్ పెడితే ఆ సర్వర్ తీసేశాం, కొత్త సిమ్‌కి కొత్త విమానం కొనుక్కోండి అన్నారు. బండి అమ్మినవాడు తాళం తీసుకెళ్లిపోయినట్టు లేదూ ఇది? నాకు కొత్త ఫీచర్ ఒక్కటీ వద్దు. కొన్నది తెరుచుకోవాలి, అంతే!

వింగ్‌కోడ్:
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పి ఉండాల్సింది. అప్‌డేట్లు వేరు, యాక్టివేషన్ వేరు. రెండోదాంట్లో మీకు జరిగింది అన్యాయం.

బేగంపేట_రన్‌వే:
అయితే సపోర్ట్ ఆపే రోజున లాక్ తీసేసిన చివరి ఇన్‌స్టాలర్ ఇవ్వండి. మీరు ఇస్తారా?

వింగ్‌కోడ్:
ఇస్తే మర్నాడే టోరెంట్లలో ఉంటుంది. పాత విమానం సిస్టమ్స్ కోడ్‌లో సగం కొత్తదాంట్లో వాడుతున్నాను. దాన్ని విప్పి అందరి ముందూ పెట్టలేను. కొన్నవాళ్లు బిల్లు పంపితే ఒక్కొక్కరికి విడిగా ఆఫ్‌లైన్ కీ ఇస్తాను, అంతవరకూ ఒప్పుకుంటా.

బేగంపేట_రన్‌వే:
మీరున్నంతవరకూ ఇస్తారు. మీరు ఈ పని మానేశాక ఎవరిస్తారు? దొంగల భయానికి కొన్నవాడిని ఎందుకు శిక్షించాలి? ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను.

వైజాగ్_వింగ్స్:
2020, 2024 కొన్నవాళ్లు కూడా ఇది చదవాలి. నేల బొమ్మలే మైక్రోసాఫ్ట్ సర్వర్లలో ఉన్నాయి. అవి ఆపేస్తే ఏ కీ పెట్టి తెరుస్తారు?

ఆల్టిమీటర్:
ఎఫ్‌ఎస్‌ఎక్స్‌కి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సవరణల ప్యాక్, అదే సర్వీస్ ప్యాక్ 2, వేసుకున్నారా అని ఇంకా ఎవరూ అడగలేదు.