కొబ్బరి ఆకుల గురించి అడిగిన వ్యాఖ్యలు మాయమవుతున్నాయి

ప్రశ్న (అంబాజీపేట):
అందరికీ నమస్కారం. బడి ఉద్యోగం నుంచి విరమించాక కొబ్బరి సాగు మీద వర్డ్‌ప్రెస్‌లో బ్లాగు రాస్తున్నాను. కొబ్బరి ఆకుల రసం పీల్చే పురుగు, సర్పిలాకార తెల్లదోమ గురించి రాసిన వ్యాసం కింద రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూ ఉండేవారు. మూడు వారాలుగా అక్కడ ఒక్క ప్రశ్న కూడా రాలేదు. జనానికి అవసరం తీరిందేమో అనుకున్నాను. నిన్న పి.గన్నవరం నుంచి ఒక రైతు ఫోను చేసి, "మాస్టారూ, మూడుసార్లు రాశాను, పలకరేమిటి?" అన్నారు. నాకు తల తిరిగిపోయింది. నేను రాసి చూస్తే వ్యాఖ్య వెంటనే కనబడుతోంది. సంక్రాంతికి ప్రభల తీర్థం మీద రాసిన వ్యాసం కింద ఇద్దరు కులాల పేర్లు ఎత్తి తిట్టుకుంటే, సెట్టింగులలో కొన్ని మాటలు నిషేధించాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

జవాబు (రామచంద్రపురం):
ఉండవచ్చండి. చర్చ సెట్టింగుల పేజీలో మాటలు రాసే పెట్టెలు రెండుంటాయి. మీరు రాసింది పైదానిలోనా, కిందిదానిలోనా? ఏ మాటలు?

అంబాజీపేట:
కిందిదానిలో. "కుల" అని ఒకటి, ఇంకా రెండు తిట్లు.

రామచంద్రపురం:
దొరికింది మాస్టారూ. మీరు "కుల" అని రాస్తే వర్డ్‌ప్రెస్ దాన్ని విడి మాటగా చూడదు. ఆ అక్షరాలు ఏ మాట మధ్యలో ఉన్నా పట్టుకుంటుంది. "ఆకుల అడుగున తెల్లటి వలయాలు" అని రైతు రాస్తే "ఆకుల"లో "కుల" ఉంది. "ఆకులు" అన్నా అంతే, ఎందుకంటే కంప్యూటర్‌కు "లు" అంటే "ల" తరువాత కొమ్ము. అది ముందు "కుల" చూసి ఆపేస్తుంది. హక్కులు, బ్యాంకులు, తమలపాకులు, చివరికి "అందరూ కులాసాయేనా" అన్న పలకరింపు కూడా అటే పోతుంది. రాసినవారి పేరును కూడా వెతుకుతుంది కాబట్టి, ఇంటిపేరు ఆకుల అయినవారు ఏం రాసినా కనబడదు. కొబ్బరి బ్లాగులో ఆకు మాట లేకుండా ఎవరు ప్రశ్న అడగగలరు?

మీరు రాస్తే కనబడటానికి కారణం, మీరు నిర్వాహకులుగా లోపలికి వెళ్లి రాస్తున్నారు. నిర్వాహకుల వ్యాఖ్యను ఈ జల్లెడ ఆపదు. ఏ సెట్టింగు మార్చినా బయటికి వచ్చి, లేదా ఇంట్లో మరొకరి ఫోనులో, కొత్త పేరుతో ఒక వ్యాఖ్య రాసి చూడాలి.

ఇప్పుడు ముందు చేయాల్సిన పని: వ్యాఖ్యల పేజీలో చెత్తబుట్ట తెరవండి. కింది పెట్టెలో పడిన మాట ఉన్న వ్యాఖ్య నేరుగా అక్కడికి వెళుతుంది, మీకు కబురు కూడా రాదు. చెత్తబుట్టను మామూలుగా 30 రోజులకు వర్డ్‌ప్రెస్ తానే ఖాళీ చేస్తుంది. మూడు వారాలు గడిచాయంటున్నారు, రేపటికి వాయిదా వేయకండి. ఒక్కోదాన్నీ వెనక్కి తెచ్చాక అది పెండింగులో కనబడితే అక్కడ ఆమోదించండి. స్పామ్ అరను కూడా చూడండి.

తరువాత "కుల" తీసేయండి. మాటకు ముందూ వెనకా ఖాళీ వదిలితే సరిపోతుందని కొందరంటారు, సరిపోదు, ఆ ఖాళీలను అది కత్తిరించేస్తుంది. "కులగజ్జి" లాంటి పూర్తి తిట్టు రాయండి, వరుసకు ఒకటి. అది కూడా పై పెట్టెలో రాయండి. అక్కడైతే వ్యాఖ్య చెత్తలోకి పోకుండా మీ ఆమోదం కోసం ఆగుతుంది. తెలుగులో ఏ మాట దేనిలో దాగి ఉంటుందో ముందుగా ఊహించడం మనవల్ల కాదు. అందుకే కింది పెట్టెలో తెలుగు మాట పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

జవాబు (భీమవరం):
నేను రొయ్యల సాగు మీద బ్లాగర్‌లో రాస్తాను. అక్కడ అన్ని వ్యాఖ్యలూ నా ఆమోదం కోసం ఆగేలా పెట్టుకున్నాను, ప్రతిదానికీ మెయిల్ వస్తుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూస్తాను. తిట్లు నాకు పెద్ద బాధ కాదండి, తీసేస్తే పోతాయి. మర్యాదగా రాసే వ్యాఖ్యలతోనే భయం. ఒకసారి "మా చెరువులో ఈ మందు వేశాం, రెండు రోజులకు తేరుకుంది" అని ఫోను నంబరుతో వచ్చింది. నిజంగా రైతే అనుకుని వదిలేశాను. అదే వ్యాఖ్య, అక్షరం మారకుండా, మరో రెండు బ్లాగుల్లో వేరే పేర్లతో కనబడింది. అప్పటికే నా పాఠకుడు ఒకరు ఆ మందు కొన్నారు. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే నిద్ర పట్టదు.

రామచంద్రపురం:
మీరు చెప్పింది మాస్టారి బ్లాగుకు ఇంకా ముఖ్యమండి. తెల్లదోమకు ఘాటైన రసాయనం కొట్టమని ఎవరైనా వ్యాఖ్య రాస్తే, దాన్ని నమ్మి కొట్టిన తోటలో ఆ దోమ పిల్లలను చంపే ఎన్‌కార్సియా పరాన్నజీవులు కూడా చస్తాయి. తరువాత దోమ మరింత రెచ్చిపోతుంది. అలాంటి వ్యాఖ్యను నేనైతే తీసేయను. తీసేస్తే అదే సలహా ఊళ్లో నోటిమాటగా తిరుగుతుంది. ఉంచి, దాని కిందే ఎందుకు తప్పో రాస్తాను, అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో అడిగి చూడమంటాను. అమ్మకం వ్యాఖ్య అయితే మాత్రం తీసేస్తాను.

ఒక జాగ్రత్త. "ఇదివరకు ఆమోదం పొందినవారి వ్యాఖ్య నేరుగా రావచ్చు" అనే ఏర్పాటు రైతులకు సుఖంగానే ఉంటుంది. అయితే అది పేరునూ మెయిల్‌నూ మాత్రమే చూస్తుంది. అమ్మేవాడు ముందు "చక్కగా రాశారు" అని ఒక మంచిమాట రాసి ఆమోదం సంపాదిస్తాడు, రెండోసారి నంబరుతో వస్తాడు. రెండు లింకులున్న వ్యాఖ్యను వర్డ్‌ప్రెస్ ఆపుతుంది కానీ ఫోను నంబరును ఆపదు. "సంప్రదించండి" అనే మాటను పై పెట్టెలో చేర్చండి, చాలావరకు ఆగుతాయి.

పాత వ్యాసాలకు వ్యాఖ్యలు మూసే ఏర్పాటు మీకు వద్దు. తెల్లదోమ తోటలోకి వచ్చినప్పుడే కదా రైతు మీ వ్యాసం వెతుక్కునేది!

అంబాజీపేట:
చెత్తబుట్టలో 14 ఉన్నాయండి. అన్నిటిలోనూ "ఆకు" ఏదో ఒక రూపంలో ఉంది. మూడు పి.గన్నవరం రైతువే. మొదటిదానిలో "ఆకుల మీద మసి పట్టింది, మట్టలు కొట్టేయనా?" అని అడిగారు. మూడోదానిలో "అయిదు చెట్లకు కొట్టేశాను" అని రాశారు. ఆ మసి దోమ వదిలే జిగురు మీద పెరిగేది, నీటిని గట్టిగా చిమ్మితే చాలావరకు పోయేది. ఇన్నాళ్ల తరువాత ఇప్పుడు జవాబు రాయడం బాగుంటుందా?

భీమవరం:
రాయండి మాస్టారూ. ముందు ఆయనకు ఫోను చేసి మిగతా చెట్ల మట్టలు కొట్టవద్దని చెప్పండి. తరువాత ఆయన వ్యాఖ్య కిందే జవాబు రాసి, ఆలస్యం ఎందుకయిందో ఒక్క వాక్యంలో చెప్పండి. మిగతా 11 వ్యాఖ్యలకు కూడా విడివిడిగా రాయండి.

అంబాజీపేట:
ఫోను చేశాను. ఆ అయిదు చెట్లకు తప్ప మరి వేటికీ కొట్టలేదట. "కుల" తీసేసి, మా మనవరాలి ఫోను నుంచి "కొబ్బరి ఆకులు" అని రాసి చూశాను, పెండింగులోకి వచ్చింది. ఇద్దరికీ కృతజ్ఞతలు. జవాబులు రాయడం మొదలుపెట్టాను.