అప్‌డేట్: ఆ చివరి మూడు కిలోల సంగతి

నాలుగు నెలల కింద అడిగాను, నా ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 56 కిలోలు, 53కి రావాలని ఏం చేసినా ముల్లు కదలట్లేదని. చాలామంది "నీ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క) 22.4, మనవాళ్లకి 23 లోపు ఉంటే చాలు, వదిలేయమ్మా" అన్నారు. అప్పుడు కోపమొచ్చింది కానీ మాట నిజమే.

ఒకరు మాత్రం వారం రోజులు వంటనూనె కొలిచి చూడమన్నారు. వంకాయ వేపుడుకి ఎప్పుడూ ప్యాకెట్ నుంచే వంచేదాన్ని, ఆ రోజు కొలిచి పోస్తే ఒక్క మూకుడుకే ఆరు పెద్ద స్పూన్లు పట్టింది, ఒక్కో స్పూనుకి దాదాపు 120 క్యాలరీలు, తినేది ముగ్గురం! ఇప్పుడు రెండు స్పూన్లు వేసి, మూత పెట్టి, సన్నని సెగ మీద మగ్గనిస్తున్నాను. రుచి ఏం తగ్గలేదు. అన్నం మానలేదు, కొంచెం తగ్గించి పప్పు, గుడ్డు పెంచాను. వారానికి మూడు రోజులు డంబెల్స్.

ఈ రోజు 54.8. నడుము మాత్రం 82 నుంచి 78 సెంటీమీటర్లకి వచ్చింది, ఆడవాళ్లకి 80 లోపు ఉండాలంటారు కాబట్టి నాకు అదే పెద్ద సంతోషం. పీరియడ్స్ ముందు కిలో దాకా పెరిగేది ఒంట్లో చేరే నీరేనట, ఆ వారం బరువు చూసే మిషన్ ఎక్కడం మానేశాక సగం టెన్షన్ పోయింది.

మధ్యలో తొందరపడి పది రోజులు బాగా కడుపు మాడ్చుకున్నాను. కళ్లు తిరిగాయి, రాత్రిళ్లు నిద్ర లేదు, పాప మీద ఊరికే అరిచాను. ఇక 53 జోలికి పోను.

నూనె కొలవమన్నవారు ఇది చదువుతుంటే, చాలా థాంక్స్ అండీ.